అడ్డం ఒప్పుకుంటే నిలువు ఒప్పుకోదు

గళ్ల నుడికట్టు (క్రాస్‌వర్డ్) మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ప్రతి ఆదివారం ఒకటి అడ్డంతో మొదలుపెడతాను. అరగంటలో సగం నిండుతుంది. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనాల దాకా పెన్ను కదలదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను? (చిక్కడపల్లి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండు చోట్ల. ఒకటి పెన్ను, రెండు ఒకటి అడ్డం.

పెన్నుతో రాసిన మాటను కొట్టేయడానికి మనసొప్పదు. తప్పని అనుమానం వచ్చినా దానికే మిగతావన్నీ సర్దుతూ పోతాం. మెత్తటి పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. ఇక ఒకటి అడ్డం మొదట అచ్చయినంత మాత్రాన తేలికది కాదు. ముందు ఏమీ రాయకుండా ఆధారాలన్నీ, అంటే మాట పట్టుకోవడానికి ఇచ్చిన సూచనలన్నీ, ఒకసారి చదివేయండి. నాలుగైదు నిమిషాలు చాలు. చదువుతున్నప్పుడే కొన్ని తమంతట తామే దొరుకుతాయి: సామెతలో ఖాళీ పూరించేవి, పురాణ పాత్రలు, నక్షత్రాలు, తెలుగు సంవత్సరాలు. ‘ఓ తెలుగు సంవత్సరం (2)’ అని ఉంటే (బ్రాకెట్లో అంకె జవాబుకు పట్టే గళ్ల లెక్క) జయ, ఖర, యువ, ధాత, నల, ప్లవ, క్షయ, వ్యయ అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ‘ఓ నక్షత్రం (2)’ అంటే మఘ, పుబ్బ, హస్త, చిత్త, స్వాతి, మూల. అయితే వీటిని అప్పుడే రాయకండి. ఒక్క అక్షరం నిలువులో తేలాక రాయండి.

ఆ ఒక్క అక్షరం తెలుగులో చాలా పని చేస్తుంది. ఇంగ్లీషు గడిలో పట్టేవి 26 అక్షరాలే. మనకు ఒక్క హల్లు గుణింతమే పన్నెండు రూపాలు దాటుతుంది, ఆపైన ఒత్తులు. అంటే గడిలో ‘ప్ల’ పడిందంటే సగం జవాబు చేతికొచ్చినట్టే. అందుకే కొత్త మూలలో మొదలుపెట్టకుండా, నిండిన మాటను తాకే వాటినే వరసగా పట్టుకుంటూ పొండి.

అయినా ఆగిపోతే, ఆగిన చోట మీకు ఏ జవాబు మీద బాగా నమ్మకముందో దాన్నే అనుమానించండి. చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. ‘నింగిలో వెన్నెల పంచేవాడు (4)’ చూడగానే చందమామ అని రాసేస్తాం. నెలరాజు కూడా నాలుగే. మూడు గళ్లైతే జాబిల్లి, రేరాజు, సోముడు. అయిదైతే కలువరేడు, సుధాకరుడు. ఏ పర్యాయపదమైనా కనీసం రెండు చోట్ల నిలువుతో కలిసేదాకా పక్కన చిన్న చుక్క పెట్టి ఉంచండి. రబ్బరు వాడాల్సి వస్తే ముందు చుక్క ఉన్నవాటి మీదే.

ఒక గంట పక్కన పెట్టడం కూడా పద్ధతే. ‘పాలు’ అని చదవగానే గేదె కళ్ల ముందు నిలబడితే, అన్నదమ్ములు పంచుకునే పాలు ఇక తట్టవు. విరామం తర్వాత అదే ఆధారాన్ని పైకి చదవండి. కంటికి దొరకనిది చెవికి దొరుకుతుంది.

ప్రశ్న: ‘వెనక్కి తిప్పిన పడక రాయలసీమ చేరింది (3)’ అని ఇచ్చారు. వారం తర్వాత సమాధానం ‘కడప’ అని చూశాను. అప్పటికీ బోధపడలేదు. ఇలాంటివాటికి ఏమైనా సూత్రం ఉందా? (మెహిదీపట్నం)

జవాబు: ఉంది. ఇలాంటి ఆధారంలో ఒక కొస అర్థం చెబుతుంది, రెండో కొస అక్షరాలతో ఆడుతుంది. దాని పక్కనే ఒక మాట ఆట ఏమిటో చెబుతుంది. ఇక్కడ ‘రాయలసీమ చేరింది’ అర్థం, ‘వెనక్కి తిప్పిన’ ఆట పేరు, ‘పడక’ ముడిసరుకు. ప-డ-క తిరగేస్తే క-డ-ప. వాక్యం మొత్తానికి కథలాంటి అర్థం ఒకటి కనిపిస్తుంది చూశారూ, మంచం, ప్రయాణం... అది కూర్పరి, అంటే గళ్లు కూర్చినవాడు, విసిరిన వల. వాక్యాన్ని నమ్మకండి, మాటల్ని విడివిడిగా చూడండి.

తిప్పడం అక్షరాల లెక్కనే జరుగుతుంది. గుణింతం దాని అక్షరాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. ‘రామ’ తిరగేస్తే ‘మరా’ అవుతుంది. వాల్మీకి కథ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇదే దారిలో ‘వెనుదిరిగిన తీగకు జుట్టు మొలిచింది (2)’: తీగ అంటే లత, తిరగేస్తే తల. ‘తిరగేసిన పలక అడితిలో అమ్ముతారు (3)’: కలప. ‘గడప వెనక్కి తిరిగితే పాము విప్పింది (3)’: పడగ. ఈ మూడింటిలో తీగ ఆధారం కొంచెం గడుసుది. అక్కడ ముడిసరుకు నేరుగా ఇవ్వలేదు. ముందు పర్యాయపదం పట్టుకుని, తర్వాత తిప్పాలి. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

‘తల తెగిన’, ‘మొదలు లేని’ అంటే మొదటి అక్షరం తీసేయమని. ‘తల తెగిన సితార ఆకాశంలో మెరిసింది (2)’: తార. ‘తోక లేని’ అంటే చివరిది. ‘చెదిరిన’, ‘తడబడిన’, ‘కలగాపులగం’ కనిపిస్తే అక్షరాలు తారుమారు చేయాలి. ఇది చూడగానే బెదిరిపోనక్కర్లేదు. మూడక్షరాలను ఆరు విధాలుగానే పేర్చగలం, కాగితం మూల మీద అన్నీ రాసెయ్యవచ్చు. నాలుగైతే 24, అయిదైతే 120. అయిదు అక్షరాలు వస్తే నిలువులో ఒకటి రెండు తేలేదాకా ఆగడం మేలు.

దాగుడుమూతల రకం అన్నిటికన్నా ముచ్చటైనది, కళ్ల ముందే ఉండి కనపడదు. ‘గోపాల కూరగిన్నెలో దొరికే ఆకు (4)’. మాటల మధ్య ఖాళీ తీసేసి చదవండి: గో-పాలకూర-గిన్నె. ‘శేఖరం గులాబీలో చూసింది (2)’ కూడా అంతే: శేఖ-రంగు-లాబీ. ‘లో’, ‘మధ్య’, ‘లోపల’ కనిపించగానే ఖాళీలు చెరిపేసి చూడటం అలవాటు చేసుకోండి.

ఇక అతుకుల రకం. ‘అల్లరి గుట్ట మీద కుతుబ్‌షాహీల కోట (4)’. అల్లరి అంటే గోల, గుట్ట అంటే కొండ. మన ఊళ్లోనే ఉన్న కోటను పట్టుకోవడానికి పావుగంట తిరిగామే అని ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. ‘ఓసి, ఇంతేనా’ అనిపించిందంటే ఆధారం సవ్యంగా ఉన్నట్టు. జవాబు చూశాక కూడా ‘అదెలా?’ అనే మిగిలితే లోపం మీది కాదు.

ప్రశ్న: చార్మినార్ మూడు గళ్లా, నాలుగా? ఒక్కో వారం ఒక్కోలా ఉంటోంది. (మలక్‌పేట)

జవాబు: రెండూ అచ్చవుతాయి. తిరకాసంతా చివరి పొల్లుతోనే, అంటే అచ్చు లేని ‘ర్’తోనే. కొందరు కూర్పరులు పొల్లును ముందు అక్షరానికే అతికిస్తారు: చా-ర్మి-నార్, మూడు. కొందరు దానికి విడిగా గడి ఇస్తారు: చా-ర్మి-నా-ర్, నాలుగు. మరికొందరు అచ్చుతో ముగించి ‘చార్మినారు’ అంటారు, అదీ నాలుగే. చివరి గడిలో ‘ర్’ ఉందా ‘రు’ ఉందా అన్నది దాన్ని తాకే నిలువు మాటే చెప్పాలి. మీరు నింపే పత్రికలో పాత సమాధానాలు నాలుగు వారాలవి ముందేసుకుని పొల్లు ఉన్న మాటలు వెతకండి. ఆ కూర్పరి పద్ధతి తెలిసిపోతుంది.

మిగతా లెక్కల్లో గొడవ లేదు. సున్నకూ విసర్గకూ వేరే గడి ఉండదు: ‘దుఃఖం’ రెండు గళ్లే. ఒత్తులెన్ని ఉన్నా ఒకటే గడి, ‘స్త్రీ’ మొత్తం ఒక గడిలో కూర్చుంటుంది. గోల్కొండ మూడు, గోలకొండ నాలుగు. రామాయణం నాలుగు, రామాయణము అయిదు. గడి తక్కువైతే సున్న, ఎక్కువైతే ‘ము’ అన్నది కూర్పరుల పాత కిటుకు. దాన్ని మీరూ వాడుకోండి. జవాబు ఒక్క గడి పొట్టిగా కనిపిస్తే పారేయకుండా ‘ము’ చేర్చి చూడండి. హ్రస్వ దీర్ఘాల దగ్గర మాత్రం పట్టుదలగా ఉండాలి. ‘మూసి’, ‘మూసీ’ ఒకటే అనుకుంటే నిలువు మాట చెడుతుంది.

ప్రశ్న: ఫోనులో వెతికి నింపడం మోసమా? (కూకట్‌పల్లి)

జవాబు: బహుమతి లేని ఆటలో మోసమేముంది. కానీ వెతికే వేళ ముఖ్యం. మొదటి పది నిమిషాల్లోనే ఫోను తీస్తే మిగిలేది గళ్లలోకి ఎత్తిరాసే పని. మూడింట రెండు వంతులు నిండాక, మీకు తట్టిన మాట నిజంగా ఉందో లేదో చూసుకోవడానికి వాడండి.

నిఘంటువుల్లో శబ్దరత్నాకరం 1885 నాటిది. కావ్యాల మాటలకు అది అండ, వాడుక మాటలకు కాదు. బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో జనం నోటి మాటలూ దొరుకుతాయి. అయితే మనకు కావలసింది మాటకు అర్థం కాదు, అర్థానికి మాట. అందుకు పర్యాయపదాలుండే పుస్తకమే మేలు. తెలుగు టీకతో ఉన్న అమరకోశం ఒకటి చాలు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకవచ్చు. కాగితం మీదే కావాలంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో చూడండి. అట్ట చిరిగినా ఫర్వాలేదు, లోపలి పేజీలు వరసగా ఉన్నాయో లేదో తిప్పి చూసి మరీ తీసుకోండి. కొనడం ఇష్టం లేకపోతే అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉండనే ఉంది.

ప్రశ్న: ఈ ఆట మనదేనా, బయట నుంచి వచ్చిందా? (సికింద్రాబాద్)

జవాబు: గళ్లు బయటివి. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేసినది మొదటిదంటారు. అది వజ్రం ఆకారంలో ఉండేది. తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ల నుడికట్లు కూర్చారు. మాటలతో మెలికలు పెట్టడం మాత్రం మనకు పొడుపుకథల నాటి నుంచీ ఉంది.

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేసిన తెలుగు టీచర్ని. పదేళ్ల మనవరాలి కోసం చిన్న గడి కూర్చాలని వారం రోజులుగా తంటాలు పడుతున్నాను. అయిదు వరసల గడిలో పైన ‘వికటకవి’ పెట్టాను, ఎడమ నిలువుకు ‘విశాఖపట్నం’, కుడి నిలువుకు ‘విజయవాడ’. అక్కడితో ఆగిపోయింది. (ఉప్పల్)

జవాబు: ఆగక తప్పదండీ. కింది వరస ఎడమ మూలలో ‘ట్నం’ పడింది, ఆ అక్షరంతో మొదలయ్యే మాట ఎక్కడిది? కుడి మూలలో ‘డ’ ఉంది కదా అని కింద ‘దోమలగూడ’ పెడదామంటే, ‘దో’తో ముగిసే నిలువు మాట కావాలి. తెలుగు మాట ఎక్కువగా డు, లు, ము, సున్నలతో ముగుస్తుంది, వాటితో మొదలవడం అరుదు. ణ, ళ లాంటివైతే మొదట్లోకి రానే రావు. అచ్చులు అ, ఆ, ఇ మాట మధ్యలోకి రావు. అందుకే ఒక మాట ముగిసిన గడిలో ఇంకోటి మొదలుపెట్టే మూల తెలుగు గడికి శత్రువు.

విరుగుడు సులువే. ఆ ఎడమ కింది మూలను నల్లచేయండి. గడిని తలకిందులుగా తిప్పినా ఒకేలా ఉండాలి కాబట్టి కుడి పై మూలనూ నల్లచేయండి. రెండో వరసలో 2, 4 గళ్లు, నాలుగో వరసలో 2, 4 గళ్లు నలుపు. మొత్తం ఆరు నల్లవి, 19 తెల్లవి. ఇప్పుడు పై ఎడమ మూలలో రెండు మాటలు కలిసి మొదలవుతాయి, కింది కుడి మూలలో రెండు కలిసి ముగుస్తాయి. ఆ ముగింపు గడిలో ‘లు’ పెట్టేస్తే బహువచనాలన్నీ మీవే. నింపితే ఇలా వస్తుంది:

కా | కి | నా | డ | ■
ణి | ■ | రా | ■ | ఎ
పా | రా | య | ణ | ము
కం | ■ | ణు | ■ | క
■ | కు | డు | ము | లు

మధ్య వరసలో ‘పారాయణం’ అని ఉంటే నాలుగే, అందుకే ‘ము’. నింపేటప్పుడు ముందు అయిదక్షరాల మాటలు రెండూ మధ్య గడిలో ‘య’ దగ్గర కలపండి, నాలుగక్షరాలవి తర్వాత. పొట్టి మాటలు మొదట పెడితే పొడుగువి దొరకవు.

పదేళ్ల పిల్లకు మెలికలొద్దు, సూటిగా ఇవ్వండి. 1 అడ్డం: కాజాలకు పేరున్న ఊరు (4). 4 అడ్డం: భక్తితో గ్రంథం చదవడం (5). 5 అడ్డం: వినాయక చవితి పిండివంట (4). 1 నిలువు: చిత్తూరు జిల్లాలో వినాయకుడి క్షేత్రం (4). 2 నిలువు: విష్ణువు (5). 3 నిలువు: పెద్దవాళ్ల ఒంట్లో 206 (4). ‘పారాయణము’ దగ్గర పాప ఆగవచ్చు. నిలువులో ‘పా’, ‘య’, ‘ము’ మూడూ పడ్డాక గానీ సాయం చేయకండి.