పరిశోధన ఫలితం కన్నా అది ఎలా తెలిసిందో చెప్పండి

మీ జీవవైవిధ్య క్లబ్ ఉపన్యాసాలు పెడితే మీ డిపార్ట్‌మెంట్ వాళ్లే వచ్చి కూర్చుంటున్నారని, బయటి జనాన్ని ఎలా రప్పించాలని అడిగారు. పీజీలోనూ, ఆ తర్వాత పీహెచ్‌డీలోనూ ఇలాంటి విద్యార్థి బృందంలోనే తిరిగినవాణ్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ఫలితాలు చెప్పడం తగ్గించండి. "ఫలానా అడవిలో ఇన్ని జాతులున్నాయి" అంటే విని తలూపి వెళ్లిపోతారు. "ఇన్ని ఉన్నాయని అసలెలా తెలుస్తుంది?" అన్న దగ్గర మొదలుపెడితే మాత్రం ప్రశ్నలు ఆగవు. పులుల లెక్కే చూడండి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. కెమెరా ట్రాప్‌లో (జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా) మొదటిసారి పడ్డవాటిలో ఎన్ని మళ్లీ పడ్డాయో చూసి, అసలు కెమెరాకే చిక్కనివి ఎన్ని ఉండొచ్చో అంచనా కడతారు. ఇదంతా స్లైడ్లలో చెప్పకుండా రెండు ఫొటోలు చేతికిచ్చి "ఇవి ఒకే పులివా, వేర్వేరా?" అని అడిగేవాళ్లం. పిల్లలకన్నా పెద్దవాళ్లే ఎక్కువ వాదించుకునేవారు.

మాకు బాగా కలిసొచ్చింది రాత్రి కార్యక్రమం. తెల్లటి దుప్పటి కట్టి లైటు పెడితే మాత్‌లే (సీతాకోకచిలుకల్లా ఉండే రాత్రి పురుగులు) వెతుక్కుంటూ వస్తాయి. ఎవరూ అడవుల్లో నడవక్కర్లేదు, మాట్లాడకూడదన్న నియమమూ ఉండదు. పౌర్ణమి దగ్గర్లో మాత్రం పెట్టకండి, లైటుకు వచ్చేవి తగ్గిపోతాయి. బ్యాట్ డిటెక్టర్ అరువు దొరికితే ఇంకా మంచిది. గబ్బిలాల కూతలు చాలావరకు 20 కిలోహెర్ట్జ్‌కు పైన ఉంటాయి కాబట్టి మన చెవికి అందవు. ఆ పరికరం వాటిని మనకు వినబడే స్థాయికి దించుతుంది. గబ్బిలం పురుగును సమీపించేకొద్దీ ఆ టిక్ టిక్ వేగం పెరిగి చివరికి జుయ్‌మని కలిసిపోతుంది. అది విన్నాక ఎకోలొకేషన్ (కూత ప్రతిధ్వనిని బట్టి దారినీ ఆహారాన్నీ కనిపెట్టడం) గురించి వేరే ఉపన్యాసం అవసరమనిపించదు.

వచ్చినవాళ్లు తీసిన ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫొటోలు పెడితే మిగతావాళ్లు జాతిని గుర్తించే వెబ్‌సైటు, యాప్) పెట్టించండి. అది కూడా 2008లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో కొందరు మాస్టర్స్ విద్యార్థులు ప్రాజెక్టుగా మొదలుపెట్టిందే. ఫొటో, తేదీ, స్థలం ఉండి, జాతి పేరు మీద గుర్తించినవాళ్లలో మూడింట రెండొంతులకు పైగా ఏకీభవిస్తే ఆ రికార్డుకు రీసెర్చ్ గ్రేడ్ (పరిశోధనకు పనికొస్తుందన్న గుర్తు) వస్తుంది. పెట్టినవాళ్లు ఎంచుకున్న లైసెన్స్ కూడా అనుమతిస్తే జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ జీవవైవిధ్య డేటాబేస్‌కు చేరుతుంది, ప్రపంచంలో ఎక్కడి పరిశోధకులైనా వాడుకోవచ్చు. ఎక్కడో ఉన్న నిపుణుడు తమ ఫొటోకి పేరు చెప్పాడని సంబరంగా మెసేజ్ పెట్టినవాళ్లే తర్వాతి కార్యక్రమానికి నలుగురిని వెంటబెట్టుకొచ్చేవారు.

జాగ్రత్త పడాల్సింది లొకేషన్ల విషయంలో. దక్షిణ చైనాలో ఉండే గోనియురోసారస్ లూయీ అనే బల్లిని 1999లో కొత్త జాతిగా ప్రకటించారు. పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టేవాళ్లు ఎగబడ్డారు. మొదట దొరికిన చోట కొన్నేళ్లకే లేకుండా పోయింది. ముప్పులో ఉన్న జాతుల కచ్చితమైన చోటును ఐనాచురలిస్ట్ దానంతటదే దాస్తుంది. కానీ మీ పోస్టర్‌లో, ఇన్‌స్టా పోస్టులో ఊరి పేరుతో సహా రాసేస్తే ఆ దాపరికం ఎందుకూ పనికిరాదు. గూళ్లు, గుహలు, అరుదైన ఆర్కిడ్లు ఉన్న చోట్లు చెప్పకండి. ఇంకా పరిశోధన పత్రంగా అచ్చుకాని డేటా అయితే మీ రీసెర్చ్ గైడ్‌ని ముందే అడగాలి, ఆ టెన్షన్ తర్వాత పడలేం.

మాట్లాడే పని పీహెచ్‌డీ వాళ్లకే వదిలేయొద్దు (నన్ను కలుపుకునే అంటున్నాను). మా బృందంలో జనానికి బాగా అర్థమయ్యేలా చెప్పింది ఒక కామర్స్ విద్యార్థి. తనకు అర్థమయ్యేదాకా మమ్మల్ని వదిలేవాడు కాదు, అర్థం కాని ముక్క జనం ముందు పలికేవాడు కాదు.

ఇక చాలా క్లబ్బులు జనం రాక మూతపడవు, సీనియర్లు డిగ్రీ పట్టుకుని వెళ్లిపోవడంతో మూతపడతాయి. ఖాతాల పాస్‌వర్డ్‌లు, పరికరాలు అరువిచ్చే వాళ్ల నంబర్లు, అనుమతి లేఖల నకళ్లు చివరి పరీక్షలకు ముందే జూనియర్లకు అప్పజెప్పండి. పరీక్షలయ్యాక ఎవరూ ఫోనెత్తరు.