షుగర్ ఎక్కువైతే రక్తనాళాల కణాల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎందుకొస్తుంది? విటమిన్-ఇ మాత్రలు వేసుకుంటే ఆగుతుందా?

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను: ఆగదు. ఎందుకాగదో తెలియాలంటే మొదటి ప్రశ్నలోకి దిగాలి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు కణం తట్టుకోలేనంతగా పెరిగిపోవడం.

రక్తనాళం లోపలి గోడకి ఒకే వరసలో పరుచుకున్న ఎండోథీలియల్ కణాలకి గ్లూకోజ్ మీదికొస్తుంటే తలుపు వేసుకోవడం చేతకాదు. కండరాల్లో ఉండే గ్లూట్-4 అనే తలుపు ఇన్సులిన్ చెబితేనో, కండరం పనిచేస్తేనో తెరుచుకుంటుంది. వీటికున్నది గ్లూట్-1, దానికి ఇన్సులిన్‌తో పనిలేదు. అదే రక్తనాళం గోడలో కాస్త వెనకగా ఉండే నునుపు కండర కణాలు గ్లూకోజ్ పెరిగితే తలుపులు తగ్గించుకుంటాయి. ఇవి తగ్గించుకోవు. రక్తంలో 300 ఉంటే ఆ పోటు నేరుగా లోపలికే.

వచ్చిన గ్లూకోజ్ విరిగి, దాని ఎలక్ట్రాన్లు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ని చేరి నీరవ్వాలి. సరుకు మోతాదు మించితే దారి నిండిపోతుంది. కొన్ని ఎలక్ట్రాన్లు మధ్యలోనే, వాటిని మోసే కోఎంజైమ్ క్యూ అనే అణువు దగ్గర, జారి ఆక్సిజన్‌కి అంటుకుంటాయి. అదే సూపరాక్సైడ్, కనబడినదానికల్లా అంటుకునే చురుకైన అణువు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు నష్టం దీని తర్వాతే. సూపరాక్సైడ్ వల్ల డీఎన్‌ఏ పోగులు తెగుతాయి. వాటిని బాగుచేయడానికి పార్ప్ అనే ఎంజైమ్ లేస్తుంది. అది పనిలో పనిగా జీఏపీడీహెచ్ అనే ఇంకో ఎంజైమ్‌కి ఏడీపీ-రైబోజ్ తగిలించి దాన్ని మందగింపజేస్తుంది. గ్లూకోజ్ విరిగే దారిలో జీఏపీడీహెచ్ నడిమధ్యన ఉన్న లాకు లాంటిది. లాకు తలుపు దిగితే పైనున్న కాలువ నీళ్లు ఊరుకుంటాయా, ఎక్కడ గట్టు బలహీనంగా ఉంటే అక్కడ పొలాల మీద పడతాయి. ఇక్కడ నాలుగు చోట్ల పడతాయి. కొంత గ్లూకోజ్ సార్బిటాల్ అనే చక్కెర ఆల్కహాల్‌గా మారుతూ, ఎలక్ట్రాన్లు అందించే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువుని తినేస్తుంది. కణం సొంత రక్షకుడైన గ్లుటాథయోన్ మళ్లీ తయారవ్వాలంటే కావాల్సింది ఆ ఎన్‌ఏడీపీహెచ్చే. కొంత మిథైల్‌గ్లయాక్సాల్ అనే చురుకైన పదార్థంగా మారి ప్రొటీన్లకి అతుక్కుంటుంది. కొంత ప్రొటీన్ కైనేజ్-సి అనే ఎంజైమ్‌ని రేపుతుంది, అది ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమ్‌ని లేపి ఇంకాస్త సూపరాక్సైడ్ పుట్టిస్తుంది. మిగిలింది హెక్సోసమైన్ దారి పడుతుంది, అక్కడ తయారయ్యే చక్కెర ముక్కలు ప్రొటీన్లకి తగులుకుని వాటి పని మారుస్తాయి. విడివిడిగా తెలిసిన ఈ నాలుగింటినీ ఒక్క మూలానికి కట్టి 2001లో చూపించినవాడు మైకేల్ బ్రౌన్లీ అనే డయాబెటిస్ పరిశోధకుడు.

రక్తనాళాన్ని వదులుగా ఉంచేది నైట్రిక్ ఆక్సైడ్. సూపరాక్సైడ్ దాన్ని పట్టుకుని పెరాక్సీనైట్రైట్ అనే ఇంకో హానికర అణువుగా చేస్తుంది. ఆ పెరాక్సీనైట్రైట్ వల్ల, నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి తోడుండే టెట్రాహైడ్రోబయోప్టెరిన్ పాడవుతుంది. అది లేకపోతే నైట్రిక్ ఆక్సైడ్ చేయాల్సిన ఎంజైమే సూపరాక్సైడ్ చేయడం మొదలుపెడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇక ఇలాంటి చురుకైన అణువుల్ని పట్టేస్తుందని పేరున్న విటమిన్-ఇ. 2000లో వచ్చిన హోప్ అనే పెద్ద వైద్య పరీక్షలో 9,500 మందికి పైగా ఉన్నారు, షుగర్ ఉన్నవాళ్లు వాళ్లలో చాలామంది. రోజుకి 400 యూనిట్లు, సగటున నాలుగున్నరేళ్లు. గుండెపోటు, పక్షవాతం ఏమీ తగ్గలేదు. నాకైతే ఆశ్చర్యం లేదు. విటమిన్-ఇ కొవ్వు పొరల్లో కూర్చుంటుంది, ఒక అణువు ఒకటీ రెండు రాడికల్స్‌ని, అంటే చురుకైన అణువుల్ని, పట్టి అయిపోతుంది. సూపరాక్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్‌ని అందుకునే వేగం ముందు అది నిలవదు. గండి పడ్డాక దోసిళ్లతో తోడితే పొలం ఆరుతుందా!

"ఫలానా ఆకు రసం రక్తనాళ కణాల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ తగ్గించింది" అని వాట్సాప్‌లో తిరిగే పేపర్ల గురించీ చెప్పాలి. ముందు గ్లూకోజ్ మోతాదు చూడండి. ల్యాబ్‌లో కణాల్ని పెంచే మామూలు ప్లేటులో 5.5 మిల్లీమోలార్, అంటే మన లెక్కలో 100. "హై గ్లూకోజ్" ప్లేటులో 25 లేదా 30, అంటే 450, 540. 25 గ్లూకోజ్ ప్లేటుకి పోలికగా మూడో ప్లేటులో 5.5 గ్లూకోజ్‌కి, ద్రవాన్ని అంతే చిక్కబరిచే మానిటాల్ 19.5 కలిపి ఉండాలి. అది లేకపోతే కణం ఉలిక్కిపడింది గ్లూకోజ్‌కా, చిక్కబడిన ద్రవానికా తేలదు. కణాలు పెంచడానికి వాడే డీఎంఈఎం అనే ద్రవంలో లీటరుకి 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉండే సీసాలో ఉన్నదే 25 మిల్లీమోలార్. కణాల్ని వారాల తరబడి అందులో పెంచి, చివరి రోజు "ఇప్పుడు హై గ్లూకోజ్ ఇచ్చాం" అంటే ఏం చెప్పాలి? ఆక్సిడేటివ్ స్ట్రెస్ కొలవడానికి వాడే, ఆక్సిడేషన్ జరిగితే ఆకుపచ్చగా వెలిగే డీసీఎఫ్ డై సంగతి సరేసరి. 10 మైక్రోమోలార్ పోసి అరగంట చీకట్లో ఉంచాలి, ఫినాల్ రెడ్ అనే రంగు, సీరం లేని బఫర్ ద్రవంతో కడగాలి. లైటు కింద పెట్టి కబుర్లాడితే డై తనంతట తానే ఆకుపచ్చగా వెలుగుతుంది, అదే గ్రాఫ్ అయి కూర్చుంటుంది. పైగా అది సూపరాక్సైడ్‌ని నేరుగా చూపించదు కూడా.

మీరు చేయగలిగింది లోపలికొచ్చే పోటు తగ్గించడం. షుగర్‌ని 24 గంటలపాటు 90కీ 270కీ మధ్య ఊపిన ప్రయోగం ఒకటి 2008లో వచ్చింది. ఎప్పుడూ 270 దగ్గరే నిలబెట్టిన దానికంటే ఆ ఊపుడే రక్తనాళాన్ని ఎక్కువ దెబ్బతీసింది. కొద్దిమంది మీద చేసిందే అయినా నేను దాన్ని నమ్ముతాను. కాబట్టి పరగడుపున 110 వచ్చిందని సంబరపడకండి. పప్పు, కూర ముందు తిని అన్నం తర్వాత తినండి. తిన్న వెంటనే నడుం వాల్చకుండా పావుగంట నడవండి, కండరం తన తలుపు తనే తీసుకుంటుంది. తిన్న తర్వాతి పరీక్షకి రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నుంచి, చెయ్యి కడిగిన దగ్గర్నుంచి కాదు. ఆ రోజు రెండు ఇడ్లీలతో సరిపెట్టి, మాత్ర మానేసి ల్యాబ్‌కి వెళ్లేవాళ్లుంటారు. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, రోజూ తినేదే తిని, రోజూ వేసుకునే మాత్రే వేసుకుని వెళ్లండి.