భీమిలిలో సంక్రాంతి హత్య రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల చదివాను. భీమిలి, భోగి తెల్లవారుజాము, లైట్‌హౌస్ దగ్గర బోటు యజమాని శవం, నాలుగు రోజుల్లో గుట్టు విప్పే మేనత్త. నెత్తురు చూపించకుండా, ఊరి మీద ప్రేమతో రాశావు. ఇలాంటి కోజీ మిస్టరీలు, అంటే రక్తపాతం లేకుండా ఓ చిన్న ఊళ్లో నడిచే నేరకథలు, తెలుగులో ఇంకా రావాలని నా కోరిక. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు ఆ తుఫాను తీసెయ్. ఇంగ్లిష్ క్రిస్మస్ మిస్టరీల్లో మంచు కురిసి దారులు మూసుకుపోతాయి, ఇంట్లో ఉన్నవాళ్లే అనుమానితులవుతారు. అదే పని తుఫానుతో చేయిద్దామనుకున్నావు. మన తీరానికి పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య వస్తాయి. సంక్రాంతికి రావడం చాలా అరుదు. అసలు నీకు తుఫానుతో పనేముంది? కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా! పండక్కి వచ్చిన అల్లుళ్లు, హైదరాబాద్ కొడుకులు ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు, పెద్దవాళ్లు పెట్టుకోనివ్వరు. హంతకుడు పట్టుబట్టి బయల్దేరాడా, ఊరంతా గమనిస్తుంది. ముక్కనుమ పొద్దున మాత్రం అందరూ బస్సులెక్కేస్తారు. నీ కథలో మేనత్తకున్న గడువు అంతే. టెన్షన్ అక్కడ పుట్టాలి.

రెండోది, కథ ఏ సంవత్సరంలో జరిగిందో తేల్చుకో. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండుగ కాబట్టి ఆకాశంలో చంద్రుడు ఏటా ఒకేలా ఉండడు. 2025లో భోగి, పుష్య పౌర్ణమి ఒకే రోజున, జనవరి 13న వచ్చాయి. 2026లో భోగి జనవరి 14, అమావాస్య 18. నీ సాక్షి వెన్నెల్లో ముఖం పోల్చుకున్నానంటాడు. 2025లో అయితే నమ్ముతాను. 2026లో ఆ వేళకి సముద్రం మీద సన్నటి నెలవంక తప్ప ఏమీ లేదు, అంటే అతను అబద్ధమాడుతున్నాడు. ఆ అబద్ధాన్నే కథకి వాడుకోవచ్చు. ఆటుపోట్లూ అంతే. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, ఇసుకలో అడుగులు ఎంత మేర చెరిగిపోతాయో దాన్నిబట్టే ఉంటుంది. విశాఖకి సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల పట్టికలున్నాయి, చూసుకో.

చిన్నవి రెండు. సూర్యుణ్ణి సముద్రంలో అస్తమింపజేశావు, మనది తూర్పు తీరం. ఎఫ్‌ఐఆర్‌లో పాత ఐపీసీ 302వ సెక్షన్ రాయించావు. 2024 జులై 1 నుంచి జరిగే హత్యకి భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్.

ఇక క్లూల సంగతి. హరిదాసు, గంగిరెద్దు, గొబ్బెమ్మలు వరసగా వచ్చి వెళ్లిపోయాయి. పండుగ తీసేసినా నీ హత్య చెక్కుచెదరకుండా నిలబడుతోంది, అదే నా బాధ. హరిదాసు ధనుర్మాసమంతా పొద్దున్నే ప్రతి గుమ్మం ముందుకీ వెళ్తాడు. ఏ ఇంటి తలుపు ఎప్పుడు తీస్తారో అతనికి తెలిసినంత ఎస్సైకి తెలియదు. భోగిమంటలో పాత బీరువా తలుపు వేస్తే ఎవరూ అడగరు, కానీ బందులూ మేకులూ బూడిదలో మిగులుతాయి. రాత్రంతా ఒక్కదాన్నే అరిసెలు వండానని కోడలు చెబితే మేనత్త నమ్మకూడదు. ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు నూనె ఒత్తాలి. రెండో మనిషి ఎవరు? ఇది పోలీసులకి తట్టే ప్రశ్న కాదు. ఇలాంటివి అడుగుతుంది కాబట్టే ఆవిడ డిటెక్టివ్.

అన్నిటికన్నా పెద్ద సంగతి మైల. బోటు యజమాని పోయిన మర్నాడే వాళ్లింట్లో బొబ్బట్లు వండించావు. చదువుతుంటే మనసు చివుక్కుమంది. పండుగ పూట చావు వస్తే ఆ ఇంటికే కాదు, దాయాదులందరికీ పండుగ లేదు. గుమ్మం ముందు ముగ్గు పడదు, పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగు క్యారేజీల్లో అన్నం తెస్తారు. కోజీ అంటే దుఃఖం లేకపోవడం కాదమ్మా, దుఃఖంలో ఉన్న ఇంటిని వీధి వీధంతా కాచుకోవడం. ఆ క్యారేజీలు నీ నవలకి ప్రాణం. ఎవరు తెచ్చారు, ఎవరు తేలేదు, ఎవరు గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదు, అన్నీ మేనత్త చూడాలి.

క్లూ కూడా అక్కడే ఉంది. సంక్రాంతి పొద్దున వీధి పొడవునా రథం ముగ్గులు. చనిపోయినాయన ఇంటి ముందు లేదు, తమ్ముడి ఇంటి ముందు లేదు. వీధి చివర, ఆ కుటుంబంతో ఏ సంబంధమూ లేదని ఊరంతా అనుకునే ఇంకో ఇంటి ముందు కూడా లేదు. ఆ ఇంటివాళ్లు ఎవరి మైల పడుతున్నారు? ఈ ఒక్క ప్రశ్న మీద నీ కథలో ఆస్తి తగాదా మొత్తం తిరిగి నిలబడుతుంది, సగం పేజీలు నింపిన ఆ వీలునామా అవసరమే ఉండదు.

మూడో అధ్యాయం నుంచి తిరగరాయి. తొందరేం లేదు, ఆ ముగ్గు లేని వాకిలి అధ్యాయం మాత్రం ముందు రాసి పంపు.