టిక్కీ (మిరప బస్తా) కట్టేటప్పుడు నీళ్లు చల్లొచ్చా?

ప్రశ్న: రెండెకరాల్లో మిరప వేశాం. కోసిన కాయను కల్లంలో మట్టినేల మీదే ఆరబోశాం. చాలా కాయలు తెల్లబారి తాలు అయ్యాయి. మిగతావి టిక్కీల్లో తొక్కుతుంటే పగిలి గింజ రాలుతోంది. నీళ్లు చిలకరించమంటున్నారు. చిలకరించొచ్చా?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: వద్దండీ. 10 శాతం తేమ ఉన్న 40 కిలోల టిక్కీలో నీరు 4 కిలోలు. పైన రెండు లీటర్లు చల్లితే తేమ 14 శాతం దాటుతుంది. ఆ నీరు తొడిమ దగ్గర నిలుస్తుంది, బస్తా నడిమధ్యకు గాలి ఆడదు, బూజు అక్కడే మొదలవుతుంది. పైకి కాయ ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది. చీల్చి చూస్తే గింజల మీద ఆకుపచ్చ బూడిద రంగు పొడి! ఆ బూజు వదిలే విషమే అఫ్లాటాక్సిన్. మళ్లీ ఎండబెడితే బూజు ఆగుతుందేమో గానీ విషం పోదు. ఐరోపా దేశాల్లో మిరపకు అనుమతించే హద్దు కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములే, అందులో బి1 రకం 5 దాటకూడదు.

కాయ పగులుతోందంటే అతిగా ఎండిందన్నమాట. ఊపితే గింజ గలగలలాడాలి, వేళ్లతో నొక్కితే తోలు వంగాలి గానీ పెళుసుగా విరగకూడదు. 10, 11 శాతం తేమ దగ్గర అలా ఉంటుంది. అక్కడే ఎండబెట్టడం ఆపి, రాశి పోసి, పట్టా కప్పి ఒక రాత్రి ఉంచండి. లోపలి తేమ అంతటా సర్దుకుని తోలు మెత్తబడుతుంది. తెల్లారి తొక్కించండి. మిట్టమధ్యాహ్నం తొక్కిస్తే మంచి కాయ కూడా పగులుతుంది.

ఇక తాలు. దోరకాయను కోసి నేరుగా ఎండలో పోస్తే రంగు తిరగకుండానే తెల్లబడుతుంది. పండిన కాయే కోయండి. దోరవి కలిస్తే ఒకటి రెండు రోజులు నీడలో రాశి పోసి, రంగు తిరిగాకే ఆరబోయండి. నల్లటి గుంటమచ్చలుంటే అది కాయకుళ్లు, చేలోనే వచ్చిన జబ్బు. మట్టినేల మాత్రం మానేయండి. పట్టా మీద పలచగా పోసి, రోజుకు నాలుగైదుసార్లు తిరగేసి, మంచు పడకముందే కుప్ప చేసి కప్పాలి.

ప్రశ్న: తాలు ఏరిస్తే కూలి గిట్టుతుందా?

జవాబు: ఒక్క టిక్కీ ఏరించి లెక్క చూడండి. ఏరిన కాయ మచ్చు, ఏరనిది, తాలు విడిగా – మూడూ కొట్లో చూపించి ధర అడగండి. తాలుకూ మిర్చి మార్కెట్ యార్డులో కొనేవాళ్లుంటారు.