చైనా పల్లెలో అత్తగారిల్లు: పాప రానంటోంది, ఏం చేయను?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక సింగపూర్‌లో స్థిరపడ్డాం. మావారు చైనీస్. వాళ్లది హునాన్ ప్రావిన్స్‌లో షావొయాంగ్ దగ్గర ఒక పల్లెటూరు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు మూడున్నర. కోవిడ్‌కు ముందు, పాప చంటిపిల్లగా ఉన్నప్పుడు, ఒకసారి వెళ్లొచ్చాం. ఇప్పుడు చైనా కొత్త సంవత్సరానికి పది రోజులు వెళ్దామని మావారు అంటున్నారు. పోయిన నెల వీడియో కాల్‌లో మా అత్తగారు (66 ఏళ్లు) పాపను చూసి, "తమ్ముడు తెల్లగా ఉన్నాడు, నువ్వేంటి ఇంత నల్లబడ్డావ్?" అన్నారు. పాప స్కూల్లో చైనీస్ చదువుతోంది కాబట్టి ఆ మాట అర్థమైంది. అప్పటి నుంచి ఆ ఊరు రానని మొండికేస్తోంది. పైగా బాబును ఒక ఏడాది తమ దగ్గర వదిలి వెళ్లమని అత్తగారు అడుగుతున్నారు. మా ఆడపడుచు, ఆమె భర్త గ్వాంగ్‌డాంగ్‌లో ఫ్యాక్టరీ పని చేస్తారు. వాళ్ల పదేళ్ల అబ్బాయి మా అత్తమామల దగ్గరే పెరుగుతున్నాడు. మావారూ చిన్నప్పుడు వాళ్ల నానమ్మ దగ్గరే పెరిగారట. ఏం చెప్పినా ఆయన "మా అమ్మ మాటలు పట్టించుకోకు" అని నవ్వేస్తారు. మేం పందిమాంసం, గొడ్డుమాంసం తినం. ఆ చలి, ఆ తిండి, ఆ మాటలు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. వెళ్లాలా, మానాలా?

జవాబు: వెళ్లండమ్మా. కానీ టికెట్లు తీసేలోపు మీవారు రెండు పనులు చేయాలి. రెండూ ఆయన నోటితో, ఆయన భాషలో జరగాలి. మీరు మధ్యలోకి వెళ్లకండి.

మొదటిది పాప సంగతి. పిల్ల రంగు చూసి మాట విసిరే పెద్దవాళ్లు గుంటూరులోనూ ఉన్నారని నేను చెప్పక్కర్లేదు. పురిటి మంచం దగ్గరే "తండ్రి పోలిక, తల్లి రంగు రాలేదు" అని లెక్కలు తీసేవాళ్లం మనం. కాబట్టి దీన్ని "చైనావాళ్లు ఇంతే" అనే ఖాతాలో వేయకండి, ముఖ్యంగా పాప ముందు. ఆమెలో సగం ఆ ఊరే. ఆ ఊరిని తక్కువ చేస్తే ఆమెను తక్కువ చేసినట్టే. అలాగని "నానమ్మ ప్రేమతో అంది" అని సర్దిచెప్పొద్దు. తొమ్మిదేళ్ల పిల్ల ఏది ప్రేమో ఏది కాదో కనిపెట్టగలదు. "నానమ్మ అన్న మాట తప్పు. నాన్న ఆ విషయం ఆమెతో మాట్లాడతారు" అని స్పష్టంగా చెప్పండి. మాట్లాడాక, మాట్లాడానని ఆయనే పాపకు చెప్పాలి.

ఆయన తన తల్లికి చెప్పాల్సింది చాలా చిన్న మాట. "అమ్మా, పాప రంగు గురించి ఇకపై ఎవరూ ఏమీ అనకూడదు. నువ్వు గానీ, అక్క గానీ, ఇంటికొచ్చే చుట్టాలు గానీ. వాళ్లంటే నువ్వే ఆపాలి." అంతే. ఉపన్యాసం అక్కర్లేదు. అదే మాట కోడలంటే గొడవ అవుతుంది, కొడుకంటే వింటారు. ఈ విషయంలో మన పల్లెలకూ వాళ్ల పల్లెలకూ పెద్ద తేడా లేదు. ఆవిడ సారీ చెబుతారని మాత్రం ఎదురుచూడకండి. ఆ తరం అలా చెప్పదు. చేతల్లో ఏమైనా మారిందా అన్నదే చూడండి.

ఒక చిన్న గుర్తు చెబుతాను. పండుగ ముందు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చునే భోజనంలో కోడి ఉంటుంది. అక్కడ తొడ ముక్క సాధారణంగా పిల్లల గిన్నెలోకే వెళ్తుంది. మీ ఇంట్లో పిల్లలు ముగ్గురు, కోడికి కాళ్లు రెండు. మొదటిది ఎవరి గిన్నెలో పడుతుందో పాప తప్పకుండా చూస్తుంది. ఇది ముందే మీవారి చెవిన వేయండి. ఆ పూట ఆయన పాప పక్కనే కూర్చోవాలి.

పాప చేతికి కూడా ఒక వాక్యం ఇవ్వండి. "నాకు నా రంగు ఇష్టం, నైనై (నానమ్మా)" అని చైనీస్‌లో నవ్వుతూ చెప్పడం ఇంట్లో నాన్నతో ప్రాక్టీసు చేయించండి. ఇరుగుపొరుగు పిల్లల్ని చూడ్డానికి వస్తారు, జుట్టు తడుముతారు, ఎంత ముద్దుగా ఉన్నారో అంటారు, ఫోన్లు తీసి వీడియోలు పడతారు. మెచ్చుకోలు కూడా ఎక్కువైతే పిల్లకు ఊపిరాడదు. ఫొటో ఇష్టం లేకపోతే నాన్న వెనక్కి వెళ్లి నిలబడొచ్చని చెప్పి ఉంచండి.

రెండోది బాబును వదలడం. దీనికి జవాబు "చూద్దాం" కాకూడదు. "చూద్దాం" అని వెళ్తే పది రోజులూ ఆ మాటే నలుగుతుంది, తిరుగు ప్రయాణం రోజు ఏడుపులతో ముగుస్తుంది. "లేదమ్మా, బాబు మా దగ్గరే ఉంటాడు" అని ఇప్పుడే చెప్పేయాలి. అయితే ఆవిడ అడిగిన దాంట్లో దురుద్దేశం లేదు. పట్నాల్లో పని చేసేవాళ్లు పిల్లల్ని ఊళ్లో అమ్మానాన్నల దగ్గర వదలడం అక్కడ మామూలు. పట్నంలో వాళ్లకు స్థిర నివాస హక్కు, దానితో వచ్చే బడి సీటు అంత తేలిగ్గా దొరకవు. పల్లెల్లో అలా ఉండిపోయిన పిల్లలు 2018లో చైనా పౌర వ్యవహారాల మంత్రిత్వ శాఖ లెక్క ప్రకారం దాదాపు 70 లక్షలు. వాళ్లలో నూటికి 96 మంది తాతలు, నానమ్మలు, అమ్మమ్మల దగ్గరే ఉన్నారు. మనవాళ్లలోనూ అమెరికాలో ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, నెలల పిల్లల్ని అమ్మమ్మ ఊరికి పంపినవాళ్లు లేకపోలేదు. మీ అత్తగారి దృష్టిలో ఇది మీకు సాయం. మనవడి మీద హక్కు అడగడం కాదు. "లేదు" అన్నాక "నువ్వు అడిగినందుకు మాకు సంతోషం" అని మీవారు ఒక ముక్క కలిపితే ఆవిడ మనసు నొచ్చుకోదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన వాక్యం మీ అత్తగారిది కాదు. మీవారు నానమ్మ దగ్గర పెరిగారన్నది. ఒకరోజు పిల్లలు నిద్రపోయాక ఆయన్ని అడగండి. ఎన్నేళ్ల వయసులో అమ్మ వెళ్లింది? పండుగకు వచ్చి మళ్లీ వెళ్లిపోయే రోజు ఎలా ఉండేది? తప్పుపట్టే గొంతుతో కాదు, నిజంగా వినడానికి అడగండి. అమ్మ ఏడాదికోసారి వచ్చే ఇంట్లో పెరిగిన పిల్లాడు ఆ నాలుగు రోజులూ అమ్మను నొప్పించకుండా ఉండటం నేర్చుకుని ఉండొచ్చు. "పట్టించుకోకు" అని నవ్వేయడం అక్కడి నుంచి వచ్చిందేమో. ఈ పని ఆయనకు తేలిక కాదని మీరు గుర్తిస్తే, చేయగలుగుతారు.

అత్తగారి వయసు కూడా ఒకసారి లెక్కేయండి. ఆవిడ పుట్టింది 1959-61 కరవు రోజుల్లో. కోట్ల మంది ప్రాణాలు తీసిన ఆ కరవులో బాగా దెబ్బతిన్న ప్రాంతాల్లో హునాన్ ఒకటి. అన్నం వృథా చేయకూడదన్న భయం వింటూ పెరిగిన మనిషి. బాబు కడుపు నిండిందన్నా ఇంకో గరిటె వేస్తారు, మూడు స్వెటర్ల మీద నాలుగోది తొడుగుతారు. ఇవి భరించండి. పది రోజులు ఎక్కువ తిన్నందుకు, ఎక్కువ బట్టలు వేసుకున్నందుకు పిల్లలకు ఏమీ కాదు. మీ పట్టుదల రంగు, బాబు విషయాలకే దాచుకోండి.

మాంసం విషయం ముందే చెప్పాలి, పళ్లెం ముందుకొచ్చాక కాదు. హునాన్ పల్లెల్లో పండుగకు ముందు పందిని కోసి, ఆ మాంసాన్ని పొగలో ఆరబెడతారు. వంటింట్లో పొయ్యి మీదుగా నల్లటి ముక్కలు వేలాడుతూ ఉండొచ్చు. పాపకు ముందే చెప్పండి, చూసి ముఖం చిట్లించకుండా ఉంటుంది. కూరగాయలు కూడా పందికొవ్వుతో వేయించే ఇళ్లున్నాయి. "మా వాళ్లకు నూనెతో విడిగా చేయమ్మా" అని మీవారు చెప్పాలి. వీలైతే ఆ కూర మీరే వండండి. కోడి, చేప, గుడ్డు మీకు అభ్యంతరం లేదు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఇక కారం సంగతి! గుంటూరు కోడలికి హునాన్‌కు మించిన అత్తిల్లు దొరకదు. ఎర్రటి పండుమిరపకాయలు తరిగి, ఉప్పు కలిపి జాడీలో ఊరబెట్టిన నిల్వ పచ్చడి అక్కడ చాలా వంటిళ్లలో ఉంటుంది. మన పండుమిర్చి పచ్చడి తినే పాప అయితే వేడన్నంలో అది, ఒక గుడ్డు అట్టు ఉంటే పూట గడిచిపోతుంది. ఆ జాడీ ఎలా పెడతారో నైనైని అడగమనండి. ఆవిడ మాట్లాడేది ఊరి యాస. స్కూల్లో నేర్చిన మాండరిన్‌తో సగమే అర్థమవుతుంది. పక్కన కూర్చుని చేతులు చూస్తూ మాట్లాడుకునే పని ఉంటే ఆ సగం చాలు. నానమ్మకూ మనవరాలికీ మధ్య మీరు లేకుండా ఒక దారి పడాలి. ఈ ప్రయాణంలో నేను అన్నిటికన్నా ఎక్కువ కోరుకునేది అదే.

చలి మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే. ఉత్తర చైనాలో ఇళ్లకు పైపుల ద్వారా వేడి వస్తుంది. హునాన్ దక్షిణాన ఉంది కాబట్టి అక్కడి పల్లెల్లో ఆ ఏర్పాటు ఉండదు. తడి చలి, ఇంట్లో కూడా ఎముకల్లోకి దిగుతుంది. ఇంటిల్లిపాదీ ఒక బల్ల చుట్టూ చేరతారు. బల్ల కింద కరెంటు హీటర్ గానీ బొగ్గుల కుంపటి గానీ, పైన నేల దాకా జారే దుప్పటి. కాళ్లు దుప్పటి లోపల పెట్టుకుని, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ సాయంత్రమంతా కబుర్లు. పిల్లలకు ఇది చాలా నచ్చుతుంది. ఇక్కడ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణాలు తీస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పడుకునే గదిలో కుంపటి ఉండకూడదు. మెలకువగా ఉన్నప్పుడు కూడా కిటికీ కొంచెం తెరిచి ఉండాలి. బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం సింగపూర్‌లోనే కొని తీసుకెళ్లండి. ఊరి కుక్కల దగ్గరకు పిల్లల్ని వెళ్లనివ్వకండి. గీరినా కరిచినా పావుగంట సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు టీకా వేయించాలి.

ఆచారాల గురించి మీకు పెద్ద బెంగ అక్కర్లేదు. ఇంట్లోకి అడుగుపెట్టగానే పెద్దల్ని వరస పెట్టి పిలవకపోతే పిల్లలకు మర్యాద తెలియదనుకుంటారు. పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ, అన్నిటికీ విడివిడి పిలుపులు మనకున్నట్టే వాళ్లకూ ఉన్నాయి. రైల్లో నేర్పేయొచ్చు. ఎర్ర కవర్లు రెండు చేతులతో తీసుకోవాలి, ఇచ్చినవాళ్ల ఎదురుగా విప్పకూడదు. చుట్టాల పిల్లలకు ఇవ్వడానికి మీరూ కొన్ని సిద్ధంగా ఉంచుకోండి, మొత్తంలో 4 అంకె లేకుండా చూడండి. ఆడపడుచు కొడుక్కి మీ పిల్లలతో సమానంగా, అంతకన్నా ఎక్కువైనా పర్వాలేదు, తక్కువ మాత్రం కాకూడదు. పండుగ రోజుల్లో పెద్దల సమాధుల దగ్గరకు తీసుకెళ్లి కాగితపు డబ్బు కాలుస్తారు. సంక్రాంతికి మనం పెద్దలకు బట్టలు పెట్టుకున్నట్టే అని చెబితే పాపకు అర్థమవుతుంది. టపాసులు పేల్చే వైపు బాబును పోనివ్వకండి.

మీది చైనా పాస్‌పోర్టు కాకపోతే, హోటల్లో కాకుండా ఇంట్లో దిగినప్పుడు 24 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి. అది అక్కడి చట్టం. మొదటి పూటే మీవారు తీసుకెళ్లాలి. హునాన్ రాజధాని చాంగ్షా నుంచి రైలు టికెట్లు 15 రోజుల ముందు అమ్మకానికి వస్తాయి. పండుగ రద్దీలో క్షణాల్లో అయిపోతాయి, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

పది రోజులూ పల్లెలోనే గడపకండి. ఏడు రోజులు అక్కడ ఉండి, చివరి రెండు మూడు రోజులు అత్తమామల్నీ మేనల్లుణ్నీ వెంటబెట్టుకుని చాంగ్షా చూడ్డానికి వెళ్లండి. మీకు ఊపిరి తీసుకున్నట్టుంటుంది, వాళ్లకు గౌరవంగా ఉంటుంది. ఇవన్నీ చేశాక కూడా పాపను ఎవరైనా మళ్లీ అదే మాట అంటే, మీవారు అక్కడికక్కడే ఆపాలి. ఆపినా ఆగకపోతే పోట్లాట పెట్టుకోకుండా పాపతో టౌన్‌లో ఒక రాత్రి ఉండి రండి. చిన్న ఊళ్ల హోటళ్లలో విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారో లేదో ఫోన్ చేసి కనుక్కుని, ఒక గది ఇప్పుడే చూసి పెట్టుకోండి. అలాంటి అవసరం వస్తే వెళ్తామని మీవారికి బయల్దేరే ముందే చెప్పండి, పాపకూ చెప్పండి. రానంటున్న పిల్లకు, నచ్చకపోతే బయటికి రావచ్చని తెలిస్తే లోపలికి రావడానికి ధైర్యం వస్తుంది.