చేపల తొట్టిలో మొక్కలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 12 రోజుల క్రితం రెండడుగుల తొట్టిలో క్రిప్టోకొరైన్, అమెజాన్ సోర్డ్ నాటాను. ఆకులు గాజుకాగితంలా పల్చబడి, ముట్టుకుంటే ఊడి వస్తున్నాయి. పీకేసి కొత్తవి తెచ్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పీకొద్దండి, మొక్కలు ఆకులు మార్చుకుంటున్నాయి. నర్సరీల్లో వీటిని చాలావరకు వేళ్లు తడిలో, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. గాలిలో పుట్టిన ఆకు మీద మైనపు పొర ఉంటుంది. నీట మునిగాక ఆ ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను సరిగా తీసుకోలేదు. అందుకే మొక్క దాన్ని వదిలేసి నీటికి తగిన ఆకును వేసుకుంటుంది. క్రిప్టోకొరైన్ అయితే చోటు మార్చినా, నీళ్లు మారినా ఇలాగే ఆకులు రాలుస్తుంది.

మొదలు దగ్గర వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మెత్తబడి, నల్లగా మారి, వాసన వస్తే మాత్రం తీసేయండి. కుళ్లిన ఆకులను కాడ మొదట్లో కత్తిరించండి. లేకపోతే అవి నీళ్లలో అమ్మోనియా పెంచి చేపల మీదకు తెస్తాయి. మొదటి రెండు వారాలూ మూడు నాలుగు రోజులకోసారి మూడో వంతు నీళ్లు మార్చండి. వేరూ ఆకులూ కలిసే చోటు ఇసుక పైకి కనిపించాలి. కొత్త ఆకులకు మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా పీకి మరోచోట నాటితే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: 60 లీటర్ల తొట్టి, 6 గప్పీలు, బోరు నీళ్లు. పాత ఆకులకు సూదితో గుచ్చినట్టు చిల్లులు పడుతున్నాయి. కొత్త ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటున్నాయి. నత్తల పనేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తొట్టిలో సాధారణంగా కనిపించే చిన్న నత్తలు ఎక్కువగా చచ్చిన భాగాలనే తింటాయి. మీ మొక్కలకు ఒకేసారి రెండు లోపాలు వచ్చాయి. పొటాష్ చాలనప్పుడు మొక్క పాత ఆకుల్లో ఉన్నదాన్ని చిగురుకు పంపుకుంటుంది, కాబట్టి చిల్లులు పాత ఆకుల్లో పడతాయి. ఇనుమును అలా తరలించలేదు, కాబట్టి ఆ లోటు చిగురులోనే కనబడుతుంది. లోపం ఏ ఆకులో ఉందో చూడకుండా సీసా మీద సీసా పోస్తే లాభపడేది నాచే.

పొటాష్‌కు ఎరువుల దుకాణంలో రైతులు కొనే 13-0-45 (పొటాషియం నైట్రేట్) సరిపోతుంది. సూక్ష్మపోషకాలు కలపనిది అడగండి. 50 గ్రాములు అర లీటరు నీళ్లలో కరిగించి, వారానికోసారి 10 మిల్లీలీటర్లు పోయండి. అంటే 1 గ్రాము మందు. మీ తొట్టిలో లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల నైట్రేట్, 6 మిల్లీగ్రాముల పొటాషియం చేరతాయి. పోసే ముందు మూడో వంతు నీళ్లు మార్చాలి. చేపలు కిక్కిరిసిన తొట్టిలో నైట్రేట్ ఎలాగూ ఉంటుంది, అక్కడ నైట్రేట్ లేని 0-0-50 (పొటాషియం సల్ఫేట్) మేలు. యూరియా, డీఏపీ జోలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోవద్దు. అమ్మోనియాతో చేపలు చచ్చిపోతాయి.

ఇనుము దగ్గర బోరు నీళ్లతో చిక్కుంది. వాటి పీహెచ్ 7 దాటితే (క్షారగుణం ఉంటే) ఈడీటీఏ అనే, ఇనుమును కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనంతో చేసిన రకం ఎక్కువసేపు నిలవదు, ఇనుము మొక్కకు అందకుండా పోతుంది. అలాంటి నీళ్లకు డీటీపీఏ అనే మరో రసాయనంతో చేసిన రకం తీసుకోండి. 11 శాతం ఇనుమున్న పొడి 2.5 గ్రాములు అర లీటరులో కరిగించి, వారానికి రెండుసార్లు 10 మిల్లీలీటర్ల చొప్పున పోయండి.

అడుగున వేసిన రాళ్లనూ పరీక్షించండి. రంగు రంగుల చిప్స్ పేరిట అమ్మేవి చాలాసార్లు పాలరాయి ముక్కలే. ఒక రాయి మీద వెనిగర్ చుక్క వేసి చూడండి. బుడగలు పొంగితే అది సున్నపురాయి, నీటి కాఠిన్యాన్ని ఇంకా పెంచుతుంది. బాగా కడిగిన 2, 3 మిల్లీమీటర్ల నది ఇసుక వేసుకోండి.

పడిన చిల్లులు పూడవు. రెండు మూడు వారాల తర్వాత వచ్చే ఆకులను చూసి ఫలితం తేల్చుకోండి. కాఠిన్యమున్న నీళ్లలోనే బాగా పెరిగే మొక్కలు కావాలంటే వాలిస్నేరియా, హైడ్రిల్లా పెట్టండి. అవి నీటిలోని బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు.

ప్రశ్న: అనూబియస్‌ను ఇసుకలో గట్టిగా పాతినా కుళ్లిపోయింది. జావా ఫెర్న్ ఆకుల అడుగున నల్లచుక్కలు వచ్చాయి. తెగులా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: గట్టిగా పాతడమే తప్పయింది. అనూబియస్‌కు అల్లం కొమ్ములా అడ్డంగా పాకే కాండం ఉంటుంది. దాన్ని పూడిస్తే కుళ్లుతుంది. జావా ఫెర్న్ కూడా అంతే. రెంటినీ రాయికో మొద్దుకో నూలుదారంతో కట్టండి, ఒకటి రెండు నెలల్లో వేళ్లు పట్టుకుంటాయి. వెలుగు నేరుగా పడని మూలన ఉంచండి, ఎక్కువ వెలుగులో అనూబియస్ ఆకుల మీద పచ్చచుక్కల నాచు పట్టేస్తుంది. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. ఇక ఆ నల్లచుక్కలు వరుసగా, ఆకు అడుగునే ఉంటే అవి తెగులు కాదు, ఫెర్న్ సిద్ధబీజాశయాలు (విత్తనాల బదులు ఫెర్న్ వేసే బీజాలుండే తిత్తులు). ఆకుల మీద పిల్లమొక్కలు కూడా పుడతాయి. వాటికి సొంత వేళ్లు వచ్చాక విడదీసి వేరే రాయికి కట్టుకోవచ్చు.