కొడుకును మిలటరీకి పంపుతున్న చెల్లెలికి

చెల్లీ,

సంతోషంగా ఉందా, భయంగా ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదన్నావు. రెండూ ఉన్నాయని చెప్పమ్మా. 2020 జూన్‌లో గల్వాన్‌లో కల్నల్ సంతోష్ బాబు పోయినప్పుడు, సూర్యాపేటలో వాళ్ళమ్మగారు కొడుకును చూస్తే గర్వంగా ఉందనీ, తల్లిగా బాధగా ఉందనీ రెండు మాటలూ కలిపే అన్నారు. ఆవిడే విడదీయలేదు, మనమెందుకు విడదీయాలి?

మొదట మీ బావగారిని, తర్వాత మా పెద్దాడిని పంపినదాన్ని కాబట్టి చెప్తున్నాను. ఆ భయం పోదు. పోగొట్టుకోవాలని చూడకు. ఎవరితో చెప్పుకోవాలో మాత్రం చూసుకో. మరిదిగారితో చెప్పుకో, నాతో చెప్పుకో, గుళ్ళో దేవుడితో చెప్పుకో. పిల్లాడితో వద్దు. ఇంట్లో అమ్మ అన్నం తినట్లేదని తెలిస్తే వాడి మనసు ఇక్కడే ఉండిపోతుంది. తుపాకీ పట్టుకున్న వాడి మనసు చేస్తున్న పని మీదే ఉండాలి.

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ వచ్చిందన్నావు కదా. ట్రైనింగ్‌లో ఫోన్ వాడి దగ్గర ఉండదు. వాళ్ళు ఇచ్చిన రోజున కాసేపు మాట్లాడనిస్తారు, అంతే. మొదటి నెల నీకూ కష్టం, వాడికి ఇంకా కష్టం. తెల్లారకముందే లేపి పరుగులు, పీటీ, డ్రిల్లు. చుట్టూ అంతా హిందీ. రెండు పూటలా అన్నం తిన్న గోదావరి పిల్లాడికి రొట్టెలు. ‘ఉండలేనమ్మా, వచ్చేస్తాను’ అని ఏడుస్తాడు. మా వాడూ ఏడ్చాడు. అప్పుడు ‘వచ్చెయ్యి నాన్నా’ అనకు, ‘నలుగురిలో పరువు పోతుంది’ అని కూడా అనకు. ఏం తిన్నావు, పక్క మంచం అబ్బాయిది ఏ ఊరు, బూట్లు కరిచాయా అని అడుగు. మాట్లాడుతూ మాట్లాడుతూ వాడే సర్దుకుంటాడు.

హైదరాబాదే కదా అని ఆవకాయ డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళకు. లోపలికి పంపరు, మీరొచ్చారని తెలిసి వాడు ఆ రాత్రంతా నిద్రపోడు. ట్రైనింగ్ అయ్యాక కసం పరేడ్‌కి పిలుస్తారు. అప్పుడు ఇద్దరూ వెళ్ళండి. ఏ ఖర్చు మానుకున్నా అది మానుకోకండి. జెండా ముందు నిలబడి ప్రమాణం చేస్తున్న కొడుకును ఆ తండ్రి కళ్ళారా చూడాలి. నిజానికి నీకంటే మరిదిగారి గురించే నాకు బెంగ. మనం ఏడ్చేసి తేలికపడతాం. మగవాళ్ళు టీకొట్టు దగ్గర కొడుకు గురించి గొప్పగా చెప్పి, ఇంటికొచ్చి తెల్లవార్లూ దొర్లుతారు. ఆయన చేత మాట్లాడించు.

పోస్టింగ్ పడ్డాక ఫోన్ రాని రోజులు ఉంటాయి. లద్దాఖ్, అరుణాచల్ వైపు సిగ్నలే అందని చోట్లు చాలా ఉంటాయి. ఫోన్ రాలేదంటే ఏదో జరిగిందని కాదు. మన తాడేపల్లిగూడెం పక్క మిలటరీ మాధవరం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ మగపిల్లలు వెళ్ళారు. ఆ తల్లులు ఒక కార్డుముక్క కోసం నెలల తరబడి ఎదురు చూశారు. ఎక్కడున్నావు, ఎటు కదులుతున్నారు అని నువ్వు అడగకు. వాడు చెప్పకూడదు. అమ్మ దగ్గర అబద్ధమాడే పరిస్థితి వాడికి తేవద్దు. ఏమైనా ఉంటే యూనిట్ వాళ్ళే తెలియజేస్తారు, టీవీ కాదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో కరాచీ ఓడరేవు ధ్వంసమైపోయిందని కొన్ని ఛానళ్ళు చెప్పాయి. అలాంటిదేమీ జరగలేదు. ఆ వార్తలు చూస్తూ కూర్చుంటే బీపీ పెరగడం తప్ప ఏమీ ఉండదు. అలాంటి రోజుల్లో టీవీ కట్టెయ్యి.

యూనిట్ పేరు కనిపించే ఫొటోలు స్టేటస్‌లో పెట్టకు, బంధువుల గ్రూపులోనూ వద్దు. మీ అబ్బాయి ఆసుపత్రిలో ఉన్నాడు, డబ్బు పంపండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసి యూనిట్ నంబరుకి చెయ్యి. మిలటరీ ఆసుపత్రిలో వైద్యానికి ఇంటి నుంచి డబ్బు అడగరు.

అలాగని అన్నీ దాచకు. అత్తగారి మాటలు, గేదె ఈనకపోవడం చెప్పకపోయినా ఫరవాలేదు. ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మాత్రం వెంటనే చెప్పు, డాక్టరు కాగితం ఫొటో కూడా పంపు. సెలవు అడగడానికి వాడికి అదే ఆధారం. పొలం తగాదా ముదిరితే వాడి కమాండింగ్ ఆఫీసరు కలెక్టరుగారికి ఉత్తరం రాస్తారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం కూడా ఉంది.

ఇక మనవాడు చేరుతున్న అగ్నివీర్ సంగతి, అదే నాలుగేళ్ళకు తీసుకునే పద్ధతి. మా వాళ్ళ రోజుల్లో ఇది లేదు, 2022లో వచ్చింది. మొదటి ఏడాది నెలకు 30,000 అంటారు గానీ అందులో 9,000 సేవానిధి అని వాడి పేరిట దాచే నిధికి పోతుంది, చేతికొచ్చేది 21,000. ప్రభుత్వం కూడా అంతే వేస్తుంది. నాలుగేళ్ళు పూర్తయ్యాక వడ్డీతో దాదాపు 11.71 లక్షలు వస్తాయి. ఆ డబ్బు చూసుకుని ఇప్పుడే మేడ మీద గది వేయడానికి అప్పు చేయకండి. అది వాడి డబ్బు. నాలుగేళ్ళ తర్వాత నూటికి పాతికమంది వరకే ఉంచుకుంటారు, కాబట్టి చదువు ఆపనివ్వకండి. దూరవిద్య నేర్పే ఇగ్నో యూనివర్సిటీలో అగ్నివీరుల కోసం డిగ్రీ ఉంది, అక్కడి ట్రైనింగ్‌కీ క్రెడిట్లు ఇస్తారు. రేపు వాడు తిరిగొస్తే, పనికిరాక వచ్చేశాడని ఊళ్ళో ఎవరైనా అంటే నువ్వు ఊరుకోవద్దు. నాలుగేళ్ళు ఎండలో, మంచులో కాపలా కాసిన పిల్లాడమ్మా.

ఇంకొకటి, రాయడానికి నాకే చెయ్యి రావట్లేదు. 48 లక్షల ఇన్సూరెన్సు ఉంటుంది, దానికి నామినీ పేరు రాయాలి. అపశకునం అని దాటవేయకండి. ఆధార్‌లో, బ్యాంకులో, పదో తరగతి సర్టిఫికెట్‌లో వాడి పేరు, మీ ఇద్దరి పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఒక్క అక్షరం తేడాకే ఆఫీసుల చుట్టూ తిప్పుతారు. వాడు బయల్దేరేలోపు ఆ కాగితాలన్నీ పట్టుకుని ముగ్గురూ మా ఇంటికి రండి. బావగారు ఒక్కొక్కటీ చూసి పెడతానన్నారు.

ఆశీస్సులతో,
నీ అక్క